మన బస్తీ మీద నివేదిక ఎవరు రాస్తున్నారు?

2006వ సంవత్సరం మనకు సచార్ కమిటీ సంవత్సరం. ఆ నవంబరులో కమిటీ సమర్పించిన నివేదికను నాటి నుంచి నేటి వరకు ప్రతి సభలో చదువుతూనే ఉన్నాము. అంతకు రెండు నెలల ముందు, సెప్టెంబరు 14న, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ మరొక పత్రాన్ని వెలువరించింది. పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ అని దాని పేరు. గని తవ్వాలన్నా, ఔషధ కర్మాగారం పెట్టాలన్నా, విద్యుత్కేంద్రం కట్టాలన్నా ముందుగా ఏయే పరీక్షలకు నిలవాలో, ఎవరి మాట వినాలో చెప్పే పత్రమది. సచార్ నివేదిక మన స్థితిని వర్ణించింది. ఈ నోటిఫికేషన్ మన ఇంటి పక్కకు ఏమి రాబోతున్నదో తేలుస్తున్నది. మొదటిదాని పేరు తెలియని కార్యకర్త మనలో లేడు. రెండవదాన్ని తెరిచి చూసినవారెందరు?

ఈ నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు పెట్టదలచిన కంపెనీయే ఒక సలహా సంస్థను కుదుర్చుకొని, రుసుము చెల్లించి, తన ప్రాజెక్టు వల్ల గాలికి, నీటికి, నేలకు, మనుషులకు కలగబోయే ప్రభావాన్ని మదింపు చేయిస్తుంది. ముద్దాయే న్యాయమూర్తికి జీతమిచ్చినట్టున్న ఈ ఏర్పాటును మేము సమర్థించడం లేదు. అయితే అది మారే వరకు నడిచేది ఇదే. ఆ సలహా సంస్థకు క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు చెందిన నాబెట్ గుర్తింపు ఉండాలి. అందులో ఒక సమన్వయకర్త, ఆయనతో పాటు గాలి, నీరు, శబ్దం, భూగర్భ జలాలు, జీవవైవిధ్యం, ప్రమాదకర వ్యర్థాలు మొదలైన విభాగాల నిపుణులు పనిచేస్తారు. సామాజిక, ఆర్థిక విభాగం వాటిలో ఒకటి. చుట్టుపక్కల ఎవరు నివసిస్తున్నారు, ఏమి చేసుకొని బతుకుతున్నారు, ప్రాజెక్టు వస్తే ఎవరు ఏమి కోల్పోతారు అని రాసేది ఆ నిపుణుడే.

దరఖాస్తుతో పాటు నింపవలసిన ఫారం–1లో ఒక గడి ఉన్నది. ప్రాజెక్టు హద్దు నుంచి పదిహేను కిలోమీటర్ల లోపు ఆసుపత్రులు, పాఠశాలలు, ప్రార్థనా స్థలాలు, సామాజిక సదుపాయాలు ఎక్కడున్నాయో చెప్పమంటుంది. అందులో మస్జిదు రావాలి, దర్గా రావాలి, ఈద్గా రావాలి. ఖబ్రస్తాన్ మాట ఆ వరుసలో విడిగా లేదు. మూడు తరాల పెద్దలు నిద్రిస్తున్న చోటు అది అని రాసే మనిషికి తెలిసి ఉండాలి. తెలియకపోతే పటం మీద అది తుమ్మచెట్లు మొలిచిన ఖాళీ నేల. వక్ఫ్ భూమి కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాము. ఆ భూమి ఖాళీ అని మొదటిసారి కాగితం మీదికి ఎక్కే క్షణంలో మాత్రం మనం ఆ గదిలో ఉండము.

ఖాళీ నేల అన్న మాటకు ఎంత ధర చెల్లించవలసి వస్తుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట వారికి తెలుసు. థర్మల్ కేంద్రం ప్రతిపాదించిన చోటు అక్కడి బీల. చేపలకూ పైరుకూ పశువులకూ ఆధారమైన చిత్తడి నేల అది. కాగితాల మీద పనికిరాని భూమి అయింది. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. వీధిలో నిలబడిన మత్స్యకారులు, రైతులు ఎంత అవసరమో, అథారిటీ ముందు నివేదికను పేజీ తరువాత పేజీ ఖండించగలిగినవారూ అంతే అవసరమయ్యారు. మన ఉద్యమాలలో మొదటి రకం మనుషులకు కొదవ లేదు. రెండవ రకం కావలసినప్పుడు పక్కవారి వైపు చూస్తున్నాము.

నివేదిక చదవడం పెద్ద విద్యా అని తీసిపారేసేవారికి ఒక సంగతి. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా బాక్సైట్ గని కోసం సమర్పించిన నివేదికలో రష్యాలోని ఒక గని నివేదిక భాగాలు కనిపించాయి. దాన్ని పట్టుకున్నది ఓపికగా కూర్చొని చదివినవారు.

చదవడానికి చట్టం ఇచ్చే వ్యవధి కొద్దిగానే ఉంటుంది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ముప్పై రోజుల ముందు కాలుష్య నియంత్రణ మండలి పత్రికలలో ప్రకటించాలి. ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థల వద్ద ప్రజలకు అందుబాటులో ఉంచాలి. సభకు కోరం లేదు. పదిమంది వచ్చినా జరిగినట్టే, వెయ్యిమంది వచ్చినా జరిగినట్టే. సంక్షిప్త నివేదిక ఇంగ్లీషులోనూ, రాష్ట్ర అధికార భాషలో లేదా స్థానిక భాషలోనూ ఉండాలి. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. ఉర్దూ ప్రతి ఎక్కడ అని లిఖితపూర్వకంగా అడగవలసిన పని మనదే. 2020లో కేంద్రం కొత్త ముసాయిదా నోటిఫికేషన్ తెచ్చి ఈ ముప్పై రోజులను ఇరవైకి కుదించజూసింది. దాన్ని ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, తెలుగు, ఉర్దూ సహా ఆ అనువాదాలు ఇవ్వడానికి బదులు కేంద్రం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ప్రజల భాషంటే ప్రభుత్వానికి ఎందుకంత బెరుకో వేరే చెప్పాలా!

నగరవాసులమైన మనకు మరొక చిక్కు ఉన్నది. భవన నిర్మాణ, ప్రాంతీయాభివృద్ధి, టౌన్‌షిప్ పథకాలకు ఈ నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇస్తున్నది. పల్లెలో గని వస్తే సభ పెట్టి అడగాలి. నగరంలో బస్తీ పక్కన పెద్ద నిర్మాణం లేస్తే అడగనవసరం లేదు. మన జనాభాలో పెద్ద భాగం నగరాలలోనే ఉన్నది. 2024లో మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర అక్షరాలు పడిన రోజులలో ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అన్న మాటలు ప్రతి నోటా వినిపించాయి. ఆ గీత ఎవరు గీశారు, ఏ కొలతల ఆధారంగా గీశారు, దాని మీద అభ్యంతరం ఎక్కడ దాఖలు చేయాలి? ఇవి సాంకేతిక ప్రశ్నలు. ఇల్లు కూలుతున్న తల్లి వీటిని అడగలేదు. అడగగల వ్యక్తిని ఆమె వెనుక నిలబెట్టడం సముదాయం బాధ్యత. ఆ రోజులలో నాయకులు చాలామంది వచ్చారు.

అనుమతి ఇచ్చాక కథ ముగియదు. షరతులు అమలవుతున్నాయో లేదో కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదించాలి. ఆ నివేదికలు బహిరంగ పత్రాలు. వాటిని తెరిచేవారు లేకపోతే ఏమవుతుందో విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున చూశాము. స్టైరీన్ ఆవిరికి పన్నెండుమంది బలయ్యారు. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేకుండానే ఆ కర్మాగారం ఉత్పత్తి సాగించిందని, ఆ సంగతి 2019లో సంస్థే రాసి ఇచ్చిందని ఆ తరువాత బయటపడింది. ఆ కాగితం ఏడాది పాటు ఫైలులో పడి ఉన్నది.

ఈ చర్చలో మనం ఎప్పుడూ బాధితులమే అనుకోవడం కూడా సరికాదు. తమిళనాడులో పాలార్ లోయలోని వాణియంబాడి, ఆంబూరు తోళ్ల కర్మాగారాలు ఎక్కువగా ముస్లిం వ్యాపారులవే. వాటి మురుగుతో పాడైన బావుల నీరు తాగినవారిలోనూ ముస్లింలు ఉన్నారు. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌర సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, దాని పరిధిలో 900కు పైగా తోళ్ల కర్మాగారాలు ఉన్నాయి. ఒక్కొక్కదానికి పదివేల రూపాయల జరిమానా పడింది. శుద్ధి ఏర్పాటు లేనివి మూతబడాలన్నది. దాదాపు 35,000 హెక్టార్ల సాగునేల పూర్తిగానో కొంతమేరకో పనికిరాకుండా పోయిందని తీర్పే నమోదు చేసింది. నిబంధనలు తెలిసిన మనుషులు ముందే ఉండి ఉంటే కొంత నేల మిగిలేది, కొంత ఉపాధి కూడా మిగిలేది. నేడు హైదరాబాదులో తుక్కు, పాత బ్యాటరీలు, పాత కంప్యూటర్ల వ్యాపారంలో మన యువకులు ఎందరో ఉన్నారు. బ్యాటరీ వ్యర్థాలకు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి. నమోదు లేని పునర్వినియోగ వ్యాపారం నిబంధనల ఉల్లంఘన కిందికి వస్తుంది. నోటీసు వచ్చిన నాడు దళారి దగ్గరికి పరుగెత్తడమే మన వ్యాపారులకు తెలిసిన మార్గం.

అలాగని మన పిల్లలకు ఈ విద్య అలవడదా? టోలిచౌకి, మెహదీపట్నం వీధులలో సేఫ్టీ ఆఫీసర్ కోర్సుల బోర్డులు చూడండి. నెబోష్ పరీక్ష పాసై గల్ఫ్‌కు వెళ్లే యువకుడు పర్మిటు లేనిదే అక్కడ వెల్డింగ్ మొదలుకానివ్వడు. పరాయి దేశపు చమురు కంపెనీకి నిబంధనలను అంత శ్రద్ధగా అమలు చేసే ఆ యువకుడికి, కాటేదాన్‌లో సొంత మామయ్య కార్ఖానాకు కాలుష్య మండలి ఇచ్చిన సమ్మతి గడువు ఎప్పుడు తీరిందో తెలియదు. గచ్చిబౌలిలో పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధనా సంస్థ, అందరూ ఈపీటీఆర్‌ఐ అని పిలిచేది, 1990ల నుంచి ఉన్నది. విశ్వవిద్యాలయాలలో పర్యావరణ శాస్త్రం, పర్యావరణ ఇంజనీరింగ్ కోర్సులు ఉన్నాయి. వాటికి విద్యార్థి వేతనమడిగితే మన ట్రస్టుల పెద్దలు డాక్టరా, ఇంజనీరా అని అడుగుతారు. ప్రభుత్వమేమో మైనారిటీల నైపుణ్యమంటే కుట్టుమిషను అంటుంది. కుట్టుపని మీద మాకు చిన్నచూపు లేదు. బి.ఎస్సీ. చదివిన ఆడపిల్లకు కూడా ఆ కుట్టుమిషనే చూపించడం మీదనే మా ఆగ్రహం.

పొగకు మతముండదు కదా, దీన్ని ముస్లిం సమస్య చేయడమెందుకని మిత్రులు అడుగుతారు. పొగకు మతం లేదు. పొగ గొట్టం ఎక్కడ పెట్టాలన్న నిర్ణయానికి మాత్రం పేదరికం చిరునామా తెలుసు, ఆ చిరునామాలో మన బస్తీలు దళిత, ఆదివాసీ వాడల పక్కనే ఉన్నాయి. కంపెనీలకు గుమాస్తాలను తయారు చేయమంటారా అన్నది మరొక ఆక్షేపణ. కొందరు కంపెనీలలోనే పనిచేస్తారు, చేయనివ్వండి. నివేదిక లోపలి నుంచి ఎలా తయారవుతుందో తెలిసినవాడే దాని లొసుగు ఎక్కడుంటుందో చెప్పగలడు. న్యాయవాదులందరూ ప్రభుత్వానికే వాదిస్తారని మన పిల్లలను లా కాలేజీకి పంపడం మానుకోలేదు కదా.

రంజాన్‌లో జకాత్ కమిటీలు, వక్ఫ్ బోర్డులు, మైనారిటీ ఆర్థిక సంస్థలు వచ్చే ఏటి జాబితాలు తయారు చేసే ముందు ప్రతి జిల్లాకు ఇద్దరు విద్యార్థులను, అందులో ఒక అమ్మాయిని, ఈ చదువుకు ఎంపిక చేయాలని కోరుతున్నాము. వారు చదువు ముగించుకొని వచ్చే లోపు ఆగవలసిన అవసరం లేదు. పర్యావరణ అనుమతిని జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో సవాలు చేయడానికి గడువు ముప్పై రోజులు, సరైన కారణం చూపితే మరో అరవై రోజులు, మన రెండు రాష్ట్రాలకు ధర్మాసనం చెన్నైలో. కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన పత్రికలో కనిపించిన వారమే, జుమా నమాజు తరువాత మస్జిదు నోటీసు బోర్డు మీద దాన్ని అంటించే మనిషి ఒకరు ప్రతి మొహల్లాలో కావాలి.