సైంధవము తెమ్మన్న నేమి తెత్తుము?



మా గన్నవరమున విమానాశ్రయ మున్నందున, ఆకాశమున చప్పుడైనప్పుడెల్ల ముంగిటికి వచ్చి "ఎవరి పిల్లలు వచ్చుచున్నారో" యని తలయెత్తి చూచుట మా వీధిలోని స్త్రీల కలవాటైనది. ఈ వేసవిలో దిగినవారు మా యింటివారే. మా పెద్ద యాడుబిడ్డగారు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునుండి, తొమ్మిదేండ్ల కూతురితోను ఏడాది నిండిన పసివానితోను వచ్చి, నెల దినములు మాతో గడపి వెళ్లిరి. వారు తెచ్చిన మిఠాయిలు నాలుగు దినములలో అయిపోయినవి గాని, వారు విడిచిపోయిన మాటలు మాత్రము మా యింట నింకను తఱుగలేదు. ఆ మాటల ముచ్చటయే ఈ నెల మీతో చెప్పదలచితిమి.

మొదటి దినముననే పేచీ వచ్చినది. పదేండ్ల మా పిల్లవాడు లెక్క తప్పు వేసి, "రబ్బరు ఇయ్యి" అని చేయి చాచెను. ఆ పిల్ల పకపక నవ్వి, "రబ్బరు కాదు బావా, ఎరేజర్! నీకు ఇంగ్లీషు రాదు" అనెను. "మా బడిలో అందఱూ రబ్బరే అంటారు. రానిది నీకే" అని వీడు. మాటకు మాట పెరిగి, తుదకు ఇరువురును కన్నీళ్లతో మా వారియొద్దకు తీర్పునకు పోయిరి. వారు బడిపంతులు గదా, తీర్పులు చెప్పుట వారికి నిత్యకృత్యము. "ఇంగ్లండులోను రబ్బరే యందురు, అమెరికాలో ఎరేజర్ అందురు. ఇద్దఱిదియు ఒప్పే" యని పిల్లలను పంపివేసిరి. ఆ వెనుక మాతో మెల్లగా, రబ్బరను మాటకు అమెరికాలో నలుగురిలో ననరాని వేఱొక యర్థము కలదని చెప్పిరి. మేము మఱి యడుగలేదు, మీరును అడుగకుందురుగాక!

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటియొద్దనే అమరకోశము మొదలుకొని భారతము వఱకు చదివించిరి. శాస్త్రము చెప్పువారు తఱచుగా వాడు దృష్టాంతము నొకదానిని వారు మాకు చిన్ననాడే చెప్పిరి. సైంధవమను మాటకు ఉప్పనియు, సింధుదేశపు గుఱ్ఱమనియు రెండర్థములు. యజమానుడు విస్తరి ముందు కూర్చుండి "సైంధవము తెమ్ము" అనినచో సేవకుడు ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధమై యదే మాట యనినచో గుఱ్ఱమును తేవలెను. భోజనశాలలోనికి గుఱ్ఱమును తోలుకొని వచ్చువాని కెంత పాండిత్యమున్న నేమి ఫలము! అమరసింహుడును తన కోశమున నానార్థవర్గమని యొకదానిని ప్రత్యేకముగా కూర్చెను. అందు హరి యను నొక్క మాటయే విష్ణువును, సింహమును, గుఱ్ఱమును, కోతిని, కప్పను గూడ తెలుపును. ఇంగ్లీషునకును అట్టి వర్గ మొకటి యుండిన బాగుండునని ఆ నెల దినములలో మాకు పలుమాఱు తోచినది.

వంటయింటినుండియే మొదలుపెట్టుదము. వంకాయను మనము బ్రింజాల్ అందుము, ఇంగ్లండువారు ఓబర్జీన్ అందురు, అమెరికావారు ఎగ్ ప్లాంట్, అనగా గ్రుడ్డుచెట్టు, అందురు. పూర్వము ఐరోపావారు చూచిన యొక రకము తెల్లగా కోడిగ్రుడ్డువలె నుండుటచే వచ్చిన పేరది. వింత యేమనగా, బ్రింజాలును ఓబర్జీనును ఒక తల్లి బిడ్డలే. రెండింటికిని మూలము అరబ్బీలోని బాదింజాన్. అది పోర్చుగీసువారి నోట పడి బ్రింజాలై మన రేవులకును, స్పెయిను ఫ్రాన్సుల మీదుగా ఓబర్జీనై ఇంగ్లండునకును చేరినది. ఆ అరబ్బీ మాటకు పారసీక మనియు, పారసీకమునకు మన దేశపు మాటయే మూలమనియు భాషావేత్తలు చెప్పుదురు. మన పెరటి వంకాయ లోకమంతయు తిరిగి, కోటు తొడుగుకొని, పిల్లల బడిపుస్తకములోనికి వచ్చి కూర్చున్నదన్నమాట!

బెండకాయ మనకు లేడీస్ ఫింగర్, అమెరికాలో ఓక్రా. అది పశ్చిమాఫ్రికా మాట. కొత్తిమీరను అమెరికావారు స్పెయిను భాషనుండి తీసికొని సిలాంట్రో అందురు, ధనియాలను మాత్రము కోరియాండర్ అందురు. ఇంగ్లండువారికి ఆకునకును గింజకును కోరియాండర్ ఒక్కటియే. ఈ యొక్క విషయమున అమెరికావారికి తెలుగువారి తెలివి యున్నదని మా అత్తగారు మెచ్చుకొనిరి. కూరలు చిక్కపడుటకు మనము వాడు తెల్లని కార్న్ ఫ్లోరును అచ్చట కార్న్ స్టార్చ్ అని యడుగవలెను. లేనిచో మొక్కజొన్న పిండి చేతిలో పెట్టుదురు. ఒకనాడు ఆ పిల్ల కారులో పోవుచు "గ్యాస్ అయిపోవుచున్నది" అనగా, మేము ఇంటిలోని సిలిండరును తలచుకొంటిమి, మా అత్తగారు కడుపుబ్బరమేమో యని వామును తలచుకొనిరి. ఆమె చెప్పినది పెట్రోలు మాట!

ఒక్క భాషకు ఇన్ని ముఖములేల యని మా వారి నడిగితిమి. వారు చెప్పినదిది. ఇంగ్లీషువారు 1607లో అమెరికాలోని జేమ్సుటౌనున నిలువ నీడ కల్పించుకొనిరి. నాలుగేండ్లకు, 1611లో, ఈస్టిండియా కంపెనీ వర్తకులు మన బందరున దిగిరి. ఒక పుట్టింటి యాడుపడుచు లిద్దఱు ఇంచుమించుగా నొక్క కాలముననే చెఱియొక దిక్కున నున్న యత్తవారిండ్లకు పోయినట్లు, ఇంగ్లీషు రెండు సముద్రములు దాటినది. ఏ యింటి కాపురమునకు తగిన మాటలు ఆ యింట చేరినవి. స్వరాజ్యము సంపాదించుకొన్న పిమ్మట అమెరికావారికి భాషలోను తమ దారి తమకు కావలెనని తోచినది. నోవా వెబ్‌స్టరను పండితుడు 1828లో గొప్ప నిఘంటువును ప్రకటించి, కలర్ వంటి మాటలలో పలుకని అక్షరములను తీసివేసెను. తరువాత పుట్టిన యంత్రములకు ఎవరి పేర్లు వారే పెట్టుకొనిరి. అందుచేతనే మేడ కెక్కించు యంత్రము ఒకచోట లిఫ్టు, ఒకచోట ఎలివేటరు. కారు వెనుక పెట్టెలు పెట్టు చోటు ఇంగ్లండులో బూటు, అమెరికాలో ట్రంకు, మనకు డిక్కీ. దక్షిణాఫ్రికాలోనైతే వీథిలోని ఎఱ్ఱ పచ్చ దీపములను రోబో అందురట!

మన యింగ్లీషునకును ప్రత్యేకమగు వన్నె యున్నది. టిఫిన్ అను మాట ఇంగ్లండున పుట్టినదే గాని యచ్చటివారు దానిని మఱచిరి. మన యిడ్డెనల పుణ్యమున అది బ్రతికి బట్టకట్టినది. హోటలనగా ఇతర దేశములవారికి బస చేయు చోటు. మన బెజవాడలో మంచ మొక్కటియు లేని హోటళ్లు ఎన్ని లేవు! "మా వాడు కాలేజీనుండి పాస్ అవుట్ అయ్యాడు" అని మన మానందముతో చెప్పినచో, అమెరికావారు పిల్లవాడు మూర్ఛపోయెనని కంగారుపడుదురు. మనము వారికి అప్పిచ్చిన మాటయు నొకటి కలదు. మన పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయినది. 1886లో యూల్, బర్నెల్ అనువారు ప్రకటించిన హాబ్సన్ జాబ్సన్ అను నిఘంటువులో అది తెలుగు మాటయే యని యున్నది. ఆ పేరునే ఆస్ట్రేలియాలో వేఱొక జంతువునకు పెట్టిరి. అది కంగారువలె పిల్లను సంచిలో మోయునది, ఎలుకజాతియే కాదు. మన గాదెక్రింద త్రవ్వు పందికొక్కు పేరు అంత దూరము పోయినదని విని మా పిల్లవాడు పొంగిపోయెను.

ఇట్లు మేమందఱము నవ్వుకొనుచుండగా, చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచున్న మా అత్తగారు, "నవ్వుటకేమి గాని, ఆ నవ్వే నా ప్రాణము మీదికి తెచ్చినది" అనిరి. అందఱమును నివ్వెఱపోతిమి.

కిందటేడు ఆమె కూతురి పురిటికి టెక్సాసు వెళ్లిరి. వెళ్లిన వారములోనే అంగడిలో తమకు వచ్చిన మాటతో కర్డ్ కావలెనని యడిగిరట. అంగడిపిల్ల విరిగిన పాలముద్దలను చూపినది. పెరుగును అచ్చట యోగర్ట్ అందురు. మనుమరాలు ఇంటికి వచ్చి ఆ కథను పదిమందికి అభినయించి చూపినది, కూతురును నవ్వినది. "నాకు వచ్చినవే నాలుగు మాటలు. అవియు తప్పేనని తెలిసిన తరువాత, తెలియనిదానిని అడుగుట మానితిని" అని మా అత్తగారనిరి.

పిమ్మట ఆమెకు జ్వరము తగిలెను. గన్నవరమున మందుల షాపులో కొనిన పారాసిటమాల్ బిళ్ళలు పెట్టెలో నున్నవి. కూతురు పసిబిడ్డతో సతమతమగుచు ఒక సీసా యిచ్చి, "జ్వరానికి ఇవి వేసుకో అమ్మా" అనెను. సీసామీద అసిటమినోఫెన్ అని యున్నది. అడిగినచో మరల నవ్వుదురేమో యని యడుగక, రెండు మందులును రెండు మేళ్లు చేయునని తలచి, రెండు దినములు రెండును నిండు మోతాదున మ్రింగిరి. మూడవ ప్రొద్దున తలగడప్రక్కన రెండింటిని చూచి కూతురు వణకిపోయి వైద్యునికడకు తీసికొనిపోయెను. రక్తపరీక్ష చేసిరి. దైవానుగ్రహమున కీడు జరుగలేదు.

సోదరీమణులారా, పారాసిటమాలును అసిటమినోఫెనును ఒక్కటే మందు. ఒక పొడుగాటి రసాయననామమునుండి మనమును ఇంగ్లండువారును కొన్ని అక్షరములను, అమెరికావారు వేఱు కొన్నిటిని ఏరుకొనుటచే రెండు పేర్లయినవి. ఆరోగ్యవంతులగు పెద్దలు కూడ 24 గంటలలో 4 గ్రాములకు మించి దానిని పుచ్చుకొనరాదు. అనగా 500 మిల్లీగ్రాముల బిళ్ళలైన 8, మన షాపులలో విరివిగా దొరకు 650 బిళ్ళలైన 6. మించినచో కాలేయము చెడును. వృద్ధులును, బలహీనులును, కాలేయవ్యాధి గలవారును వైద్యు నడిగి ఇంకను తక్కువ వాడవలెను. జలుబు మందులలో సయితము ఇది కలిసి యుండును గనుక చీటి చదువక మ్రింగరాదు. ఇట్లే ఉబ్బసమునకు పీల్చు మందు మనకు సాల్బ్యుటమాల్, అమెరికాలో అల్బ్యుటెరాల్.

మందులతోపాటు మఱి మూడు సంగతులు గుర్తుంచుకొనదగును. మొదటిది తేదీ. 5/6 అని వ్రాసిన మనకు జూను 5, అమెరికాలో మే 6. కావున వైద్యుని కలిసికొను దినమునైనను, ప్రయాణపు దినమునైనను నెల పేరుతో వ్రాయించుకొనుడు. రెండవది అంతస్తు. మనకు నేలమీదిది గ్రౌండ్ ఫ్లోర్, దానిపైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో తఱచుగా నేలమీదిదే ఫస్ట్ ఫ్లోర్. మూడవది ఇంగ్లండు పోవువారికి. "పదిగంటలకు సర్జరీకి రండు" అనినచో కత్తి తలచుకొని బెదరకుడు. అచ్చట వైద్యుడు రోగులను చూచు గదియే సర్జరీ.

మా ఆడుబిడ్డగారు తల్లి మాటలు విని చాలసేపు తల యెత్తలేదు. ఆ పిల్ల మాత్రము మెల్లగా అమ్మమ్మ ప్రక్కకు జరిగి, తానును ఈనెలు తీయసాగెను. మఱునాడు బావామఱదళ్లిద్దఱు కలసి యొక నోటుపుస్తకమునకు గీతలు గీసి, ఒక ప్రక్క "ఇక్కడ" అనియు, వేఱొక ప్రక్క "అక్కడ" అనియు వ్రాయ మొదలిడిరి. మొదటి పంక్తిలో మందు పేర్లు, రెండవదానిలో పెరుగు. అమ్మమ్మ చెప్పుచుండ పిల్లలు వ్రాసిరి. ఆ పుస్తక మిపుడు ఆమె ప్రయాణపు పెట్టెలో భద్రముగా నున్నది.

మన తెలుగులోనే చూడుడు. మన యుల్లిపాయ తెలంగాణమున ఉల్లిగడ్డ, మన పంచదార చక్కెర, మన బంగాళాదుంప ఆలుగడ్డ. ఎవరిది తప్పు? కోడలు తెచ్చిన మాటను అత్తగారును, అత్తగారి మాటను కోడలును వెక్కిరింపక, "మీ వైపున దీని నేమందురు?" అని యడిగినచో ఒక మాటకు రెండు మాటలు లాభము. వెక్కిరించినచో నష్టము మాటతో పోదు. ఎదుటివారు అడుగుట మానుదురు. సైంధవము తెమ్మన్నప్పుడు సంగతి తెలియనిచో "ఉప్పా, గుఱ్ఱమా?" యని యడిగిన సేవకుడే మేలైనవాడు. అడుగుటకు మన యింట నెవరికిని సిగ్గు కలుగకుండ చూచుట గృహిణిగా మన పని.

మీ యిండ్లలోను ఇట్టి మాటల చిక్కులు వచ్చియుండును. వ్రాసి పంపుడు. పిల్లల నోటుపుస్తకమున ఇంకను కాగితములు మిగిలియున్నవి.