వెనుకటి యెఱ్ఱదీపము

మోటారు బండి ముందరి దీపములు నడుపువానికి త్రోవ చూపును. వెనుకనుండు బ్రేకులైటు మాత్రము వాని కెన్నడును కనబడదు. తన బండిదే యైనను అది పరుల కొఱకు వెలుగు దీపము. నూనె లేని దివిటీలు పట్టిన కన్యకలైనను తమ లోపమును తాము చూడగలిగిరి. డ్రైవరునకు ఆ యవకాశమును లేదు. కావుననే దానియెడల నింత యుపేక్ష కలుగుచున్నదని నా యభిప్రాయము.

మన దేశమున 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 102వది యీ విషయమును చెప్పుచున్నది. బండి నిలుపబోవు సంగతిని తెలుపు విద్యుద్దీపము వెనుక నుండవలెను, ఎఱ్ఱనిదై యుండవలెను, బ్రేకు వేసినతోడనే వెలుగవలెను, ఇంజను ఆగియున్నను పనిచేయవలెను. ఈ కడపటి మాట మిక్కిలి వివేకముతో కూడినది. ఇంజను హఠాత్తుగా నాగిన బండియే గదా వెనుకవారికి ఎక్కువ అపాయకరము! పూర్వము డ్రైవర్లు కుడిచేయి వెలుపలికి చాచి, అరచేయి నేలవైపు త్రిప్పి, పైకి క్రిందికి నాడించి, వేగము తగ్గించుచున్నామని తెలుపుచుండిరి. చీకటిలో నా చేయి యెవరికి కనబడును?

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో 16 మీటర్లకు పైగా సాగును. ఎనిమిదవ తరగతి బాలురు లెక్కవేసి చూడవచ్చును. ముందుబండి నిలుచుచున్నదని వెనుకవాడు ఒక్క సెకండు ఆలస్యముగా గ్రహించినచో, అంత దూరమును బ్రేకు వేయకయే పోవును. అమెరికా దేశమున 1986వ సంవత్సరపు నమూనా కార్లు మొదలుకొని, వెనుక నడుమభాగమున ఎత్తుగా మూడవ బ్రేకులైటును గూడ చట్టము విధించినది. మనవారిలో కొందఱు యువకులు ఉన్నదానికే నల్లరంగు పూసి సొగసనుకొనుచున్నారు! ట్రాక్టరు ట్రక్కులపై వరిగడ్డి వ్రేలాడి దీపమును కప్పివేయుటయు చూచుచున్నాము.

"నేనెఱుగను" అని తప్పించుకొనుటకు వీలులేదు. 1988వ సంవత్సరపు చట్టము 190వ సెక్షను ప్రకారము, సామాన్యమైన శ్రద్ధతో కనుగొనదగిన లోపముతో బండి నడుపుటయు నేరమే. 2019వ సంవత్సరపు సవరణచే జుల్మానా 1,500 రూపాయల వఱకు పెరిగినది. అయినను జుల్మానా ఒక్కటియే చాలదందును. బండి నాపు పోలీసువారు తఱచు ముందు నిలుతురు. దీపము వెనుక నున్నది. ఆటోవారు పేదలు, వారిని బాధింపరాదని కొందఱందురు. బల్బు వెల యెంత? అనేకసారులు చెడునది బల్బును గాదు, బ్రేకువద్దనుండు స్విచ్చియో, త్రుప్పుపట్టిన తీగెయో.

తలిదండ్రులారా, మీ బిడ్డలను తెచ్చు ఆటోకు నెలబాడుగ ఇచ్చునాడు, బ్రేకు త్రొక్కుమని చెప్పి వెనుకకు వెళ్లి చూడుడు. తోడులేని డ్రైవరు చీకటిపడినపిమ్మట బండి వెనుకభాగమును గోడవైపు నిలిపి బ్రేకు వేసినచో, ఆ యెఱ్ఱని కాంతి అద్దములో తెలియును. పాఠశాల గేటువద్ద ప్రతి సోమవారమును పెద్దతరగతి బాలు రిద్దఱు, ఒక యుపాధ్యాయుడు ఈ పరీక్ష చేయవచ్చును. మొదట మన పాఠశాల బండినే పరీక్షింపవలెను.