చుక్క ఎటు వెళ్తుందో అడగండి

బీఫార్మసీయో ఎంఎస్సీయో పూర్తిచేసి, శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కి అమీర్‌పేటలో క్లినికల్ శాస్ నేర్చుకునే మన పిల్లలు తక్కువేం కాదు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టు డ్యూటీ కన్నా కంప్యూటర్ కొలువు మేలనుకోవడంలో తప్పేమీ లేదు. నా అభ్యంతరమల్లా నేర్చుకునే తీరు మీదే. ప్రొసీజర్ల పేర్లు, ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పడతారు. ప్రోగ్రాం ఏ దారిన నడుస్తుందో మాత్రం అడగరు.

శాస్‌లో డేటా స్టెప్ అంటేనే కనపడని లూప్. ఒక వరుస చదువుతుంది, కింది ఆదేశాలన్నీ దానికి వర్తింపజేస్తుంది, ఫలితం రాసేసి మళ్లీ పైకెళ్లి తర్వాతి వరుస అందుకుంటుంది. మీరు ‘డూ’ అని రాయకపోయినా సరే. మధ్యలో ఇఫ్ పెడితే దారి చీలుతుంది. తంటా అక్కడే.

మన ఉద్దానం సంగతే తీసుకోండి. కవిటి, సోంపేట ఊళ్ల కిడ్నీ పరీక్షల పట్టిక మీ చేతికొచ్చిందనుకుందాం. క్రియాటినిన్ 1.2 కన్నా తక్కువైతే ‘నార్మల్’, లేదంటే ‘మళ్లీ పరీక్ష’ అని ఇఫ్, ఎల్స్ రాశారు. (కటాఫ్ ఎంతో డాక్టర్లు చెప్పాలి, ఇది ఉదాహరణకే.) ఒకామె రక్తమిచ్చింది గానీ రిపోర్టు రాలేదు. ఆ గడిలో చుక్క ఉంటుంది. శాస్ లెక్కలో చుక్క ఏ అంకె కన్నా చిన్నదే, మైనస్ అంకెల కన్నా కూడా. అంతే, ఆమె ‘నార్మల్’ అయిపోయింది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క హెచ్చరికా ఉండదు. పైథాన్ పాండాస్‌లోనైతే ఖాళీ విలువతో ఆ పోలిక నిలవదు, కాబట్టి ఆమె ఎల్స్ దారిన ‘మళ్లీ పరీక్ష’లోకి వెళ్తుంది. మనిషి ఒకరే, షరతూ ఒకటే, తీర్పే మారింది.

మందు చిన్నదే. మొదటి ఇఫ్‌లోనే ‘మిస్సింగ్’ను పట్టి పక్కన పెట్టాలి, మిగతావన్నీ ఎల్స్ ఇఫ్‌లు కావాలి. వరుస తారుమారు చేసి ‘మిస్సింగ్’ను చివర పెడితే, ఆ లైను దాకా చుక్క రానే రాదు.

ఇవన్నీ ఇంటర్వ్యూలో అడగరు సార్ అంటారు. అడగకపోవచ్చు. మందుల ట్రయల్ డేటాలో చుక్కలు లేని పట్టిక మాత్రం మీకు దొరకదు. శాస్ ఆన్‌డిమాండ్ ఫర్ అకడమిక్స్ విద్యార్థులకు ఉచితమే, బ్రౌజర్‌లో నడుస్తుంది. పది వరుసలు మీరే టైపు చేయండి, రెండు చోట్ల చుక్క పెట్టండి. రన్ కొట్టేముందు ఏ వరుస ఏ దారిన పోతుందో కాగితం మీద రాసుకోండి.