దివాణాల గేట్లు తుక్కు పాలు కారాదు

జమీందారీలు రద్దయి ఏడు దశాబ్దాలు దాటింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో భూములు ప్రభుత్వపరమైనా దివాణాలు చాలావరకు వారసుల చేతుల్లోనే మిగిలిన సంగతి విదితమే. ఆ తరువాత వాటాలు పడ్డాయి, వారసులు పట్టణాలు చేరారు. పెంకులు రాలాయి, దూలాలు అమ్ముడుపోయాయి. అనేక గ్రామాల్లో నేటికీ నిలబడి ఉన్నవి వీధి వైపు ఇనుప గేట్లు, ప్రహరీ మీది కమ్మీల వరుసలు మాత్రమే. ఇప్పుడు వాటి వంతు వచ్చింది. కిలోల లెక్కన తూకం వేసి లారీకెక్కిస్తున్నారు.

ఇది రాజుల వైభవం మీద మమకారంతో చెప్పే మాట కాదు. ఆ గేటు బయట చేతులు కట్టుకుని నిలబడిన రైతుల మనుమలు నేడు ఓటర్లు, సర్పంచులు. శిస్తు బాకీకి తాతను నిలబెట్టిన చోటు ఏదో మనుమడికి తెలియాలన్నా ఆ గేటు ఉండాలి. పైగా అందులోని పనితనం జమీందారుది కాదు, కార్మికునిది.

పాత గేట్లు రెండు రకాలు. ఇనుమును కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, తీగలుగా, ఆకులుగా వంచి, రివిట్లతో బిగించినది ఒకటి. ఇసుక అచ్చుల్లో కరిగించి పోసినది రెండవది. గ్లాస్గోలోని మాక్‌ఫర్లేన్ కార్ఖానా వంటివి పోత ఇనుప సామాను ఓడల మీద దేశదేశాలకు పంపేవి. పోత ఇనుము పెళుసు. ట్రాక్టరు తగిలితే వంగదు, పగులుతుంది. మామూలు వెల్డింగుతో సరిగా అతకదు.

ఇనుమును తినేది తుప్పు. నీరు నిలిచే అడుగు భాగంలో అది మొదలవుతుంది. తుప్పు ఉబ్బి అతుకులను విడదీస్తుంది, రాతి స్తంభాన్ని సైతం చీలుస్తుంది. మొదట్లో సిమెంటు పోయడం వలన తడి లోపలే ఉండి మరింత చేటు చేస్తుంది. తుప్పు గీకి, రెడాక్సైడు పూసి, ఆపైన రంగు వేసి, నీరు పోయే దారి చేస్తే గేటు మరో తరం నిలుస్తుంది. ఇందుకు లక్షలు అక్కరలేదు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధాల కోసమని ఇళ్ల ముందరి, పార్కుల కమ్మీలను ఊడబెరికింది. అంతటి అవసరంలోనూ చారిత్రక విలువ గలవాటికి మినహాయింపు ఇచ్చింది. వేల్స్‌లోని చిర్క్ కోట గేట్లను 1712-1719 మధ్య డేవిస్ సోదరులనే కమ్మరులు చేశారు. అవి తరువాత చోటు మారినా, మూడు వందల ఏళ్లు దాటి నేటికీ ఉన్నాయి. చోటు మార్చిన గేటును చూడవచ్చు, కరిగించిన గేటును చూడలేము. యుద్ధం ఏదీ లేకుండానే మనం కరిగించుకోవడం శోచనీయం.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు చట్టం గాని, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం గాని ప్రధానంగా ప్రకటిత కట్టడాలకే రక్షణ. పల్లెల్లోని దివాణాలు అధిక భాగం ఆ జాబితాలో లేవు. కనుక తొలి అడుగు గ్రామమే వేయాలి. పంచాయతీ తీర్మానం చేసి, గేటు కొలతలు, ఫోటోలు నమోదు చేసి, జిల్లా కలెక్టరు ద్వారా పురావస్తు శాఖకు పంపాలి. వారసులను దోషులుగా చూడటం తగదు. పన్నులు, మరమ్మతులు మోస్తున్నది వారే. అమ్మక తప్పని పరిస్థితిలో తుక్కు ధరకు పంచాయతీయే కొని, బడికో గ్రంథాలయానికో బిగించవచ్చు. విజయనగరం కోట 1958లో ఏర్పడిన మాన్సాస్ ట్రస్టు చేతికి వెళ్లి విద్యాలయాలకు నెలవైంది. దొరల గేటు బడిపిల్లలకు తెరుచుకోవడం కంటె మంచి ముగింపు ఏముంటుంది?

తూకానికి ఎక్కిన గేటు తిరిగి రాదు. అధికారులు, గ్రామ పెద్దలు లారీ రాకముందే మేల్కొనడం అవసరం.