వెన్నుపాము మీద నెత్తుటి పోటు

అనంతపురం పల్లెల్లో యాభై దాటిన రైతుకు కాళ్లు బరువెక్కాయంటే చుట్టుపక్కలవాళ్లు రెండే కారణాలు చెబుతారు: ఫ్లోరైడ్ నీళ్లు, లేదంటే డిస్క్. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే సీమ ఇది. లోతు బోర్ల నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే వెన్నెముక ఎముక మందమెక్కి వెన్నుపామును నొక్కేస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ సమస్యను ఏళ్లపాటు అధ్యయనం చేశారు.

అచ్చం ఇవే లక్షణాలతో వచ్చే మరో జబ్బుంది: వెన్నుపాము డ్యూరల్ ఫిస్టులా. ఏటా పది లక్షల మందిలో ఐదు నుంచి పది మందికి వస్తుందని అంచనా. వీళ్లలో ఎక్కువమంది యాభై దాటిన మగవాళ్లే.

వెన్నుపామును కప్పే డ్యూరా పొరలో, నరం బయటికొచ్చే చోట, సన్నని ధమని నేరుగా సిరతో కలిసిపోతుంది. మధ్యలో ఉండాల్సిన కేశనాళికలు ఉండవు. ధమని పోటంతా సిరల మీద పడుతుంది. చేనిలోంచి నీళ్లు బయటికిపోయే కాలువలోకి బోరు మోటారు పైపు వదిలినట్టే: పోవాల్సిన నెత్తురు పోలేక నిలిచిపోతుంది. వెన్నుపాము ఉబ్బుతుంది, కొత్త నెత్తురు అందదు, ఆక్సిజన్ చాలక నరాల కణాలు మెల్లగా చచ్చిపోతాయి. ఇలా పాడైన వెన్నుపామును 1926లో ఫ్రాన్స్‌లో ఫోయ్, అలజువానిన్ వర్ణించారు. చాలా కేసుల్లో మూలం డ్యూరా పొరలోనే ఉందని 1977లో కెండల్, లోగ్ చూపించేసరికి అర్ధశతాబ్దం గడిచింది.

ఫిస్టులా వీపు మధ్యలో ఉన్నా దెబ్బ ముందు వెన్నుపాము కింది కొసకే తగులుతుంది. కాస్త దూరం నడిస్తే కాళ్లు సత్తువ కోల్పోతాయి, కూర్చుంటే తేరుకుంటాయి. తర్వాత తిమ్మిరి, ఆపైన మూత్రం రాక ఆగిపోవడం.

తప్పు జరిగేది ఇక్కడే. నడుముకు మాత్రమే ఎమ్మారై తీస్తారు. ఆ వయసులో అరిగిన డిస్క్ ఎలాగూ కనిపిస్తుంది, నేరం దాని మీదికి పోతుంది. మరో రకం వెన్నుపాము వాపు జబ్బనుకుని స్టెరాయిడ్లు ఎక్కించాక కొన్ని గంటల్లోనే కాళ్లు పడిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాళ్ల బలహీనతతో వచ్చిన రైతుకు మొదటిసారే వీపు భాగాన్నీ కలిపి ఎమ్మారై తీయించాలి. వెన్నుపాములో నీరుపట్టిన తెల్లని చార, దాని వెనక మెలికలు తిరిగిన నల్లని చుక్కలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా యాంజియోగ్రామ్ చేసే బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోటికి పంపాలి.

అక్కడ ఆపరేషన్‌తోనో, తొడ రక్తనాళం గుండా జిగురు పంపో ఆ కలయికను మూసేస్తారు. నడక చాలామందికి మెరుగుపడుతుంది. మూత్రం మీద పట్టు మాత్రం అంత తేలిగ్గా తిరిగిరాదు, జబ్బు ముదిరాక వచ్చినవాళ్లకు మరీను.