మీటరు ఓనరుది, బిల్లు మనది

నారాయణపేట దిక్కు నుంచి ఒక కుటుంబం మొన్న కార్తీక పున్నం దాటినంక హైదరాబాద్ వచ్చింది. మొగుడు పెండ్లాం, పన్నెండేండ్ల పెద్దబిడ్డ, రెండేండ్ల చిన్నది. జగద్గిరిగుట్ట దిక్కు ఒక రేకుల రూము. ఆమె నాకు చెల్లె వరుస. నెల తిరిగేసరికి ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "అన్నా, ఇద్దరం కష్టం చేస్తున్నం. మీ బావకు తాగుడు లేదు. సినిమా లేదు, షికారు లేదు. అయినా అప్పైంది. తప్పు యాడ చేసినం?"

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. ఈ వ్యాసం చదివే మీలో సగం మంది ఇయ్యాల కాకుంటే వచ్చే ఎండాకాలం బ్యాగు సర్దుకునేటోళ్లే. అందుకే ఆ ఇంటి లెక్క మీ ముందర పెడుతున్న. ఆమెను అడిగే పెడుతున్న, పేరు మాత్రం రాస్తలేను.

లెక్కంతా పెద్దబిడ్డ తన స్కూలు నోటుబుక్కు వెనుక పేజీలల్ల రాసింది. ఊరి నుంచి సామాను, చార్జీలు 1,800. రూము కిరాయి 4,500. రెండు నెలల అడ్వాన్సు 9,000. స్టవ్వు, చిన్న సిలిండరు, నీళ్ల డ్రమ్ము, బకెట్లు, వాన పడితే రేకుల మీద కప్పే కవరు అన్నీ కలిపి 4,300. తిండికి 6,900. కరెంటు, నీళ్లు 900. ఫోన్ రీచార్జి, మందులు, బావ బస్సు కిరాయిలు 1,600. మొత్తం 29,000. అడ్డా మీద ఆయనకు 14 రోజులే పని దొరికింది, రోజుకు 800. ఆమెకు 9 రోజులు, 600 చొప్పున. ఇద్దరిదీ కలిపి 16,600. ఊరి నుంచి 4,000 తెచ్చుకున్నరు. ఇంకా 8,400 తక్కువ పడ్డది.

ఇప్పుడు ఆ లెక్కల నుంచి అడ్వాన్సు ఒక్కటి తీసెయ్యండ్రి. ఖర్చు 20,000, చేతిల ఉన్నది 20,600. అప్పు లేదు! అంటే చెల్లె తప్పు ఎక్కడా చెయ్యలే. తిండి ఎక్కువ తినలే, బట్టలు కొనలే. ఆమెను అప్పులోకి దించింది పట్నం ఖర్చు గాదు, పట్నం గడప తొక్కనిచ్చేటందుకు ఓనరు ముందే గుంజుకున్న 9,000. ఆ పైసలు ఖర్చు గూడ కాలే. ఓనరు జేబుల మిత్తి లేకుంట పడి ఉన్నయి.

"పొదుపు చెయ్యండ్రి, బడ్జెట్ ఏసుకోండ్రి" అని యూట్యూబుల చెప్పేటోళ్లకు ఈ సంగతి అర్థం కాదు. కేంద్రం 2021ల ఒక మోడల్ టెనెన్సీ చట్టం తయారు చేసింది. ఇంటి కిరాయికి అడ్వాన్సు రెండు నెలలకు మించొద్దు అన్నది దాంట్ల మాట. మించొద్దంట! మా చెల్లెను ముంచింది ఆ రెండు నెలలే. పెద్ద ఫ్లాట్లను మతిల పెట్టుకొని రాసిన చట్టం రేకుల రూముకు ఏం ఆసరైతది?

నా సంగతి గూడ చెప్త. నేను 2004ల వచ్చిన. అడ్వాన్సు 1,200. రూము ఖాళీ చేసే రోజు గోడకు సున్నం అన్నడు, తలుపు గడి పోయిందన్నడు, నా చేతిల 300 పెట్టిండు. ఆ గడి నేను రాకముందు నుంచే లేదు. చీటీ ముక్క లేదు, సాక్ష్యం లేదు. ఏం మాట్లాడుత? మూట నెత్తిన పెట్టుకొని నడిచిన.

ఇగ ఆ తక్కువ పడ్డ 8,400 ఎక్కడ తెచ్చిండ్రు? గిరిగిరి. పక్క గల్లీల డైలీ ఫైనాన్స్ ఆయన 10,000 రాసుకొని, 1,500 ముందే పట్టుకొని, 8,500 చేతిల పెట్టిండు. రోజుకు 100, నూరు రోజులు కట్టాలె. "నూటికి పదిహేనే గద" అని బావ అనుకున్నడు. కాదు బావా. రెండో రోజు నుంచే అసలు వాపస్ పోతుంటది. నూరు రోజుల సగటు చూస్తే మన దగ్గర ఉన్న పైసలు నాలుగువేల చిల్లరే. దాని మీద మూడు నెలల పది రోజులకు 1,500 మిత్తి. ఏడాది లెక్క కడితే నూటికి నూరు దాటుతది. పని ఉన్నా లేకున్నా పొద్దుగూకితే బండి వచ్చి ఇంటి ముందు ఆగుతది.

నన్ను కలిచివేసింది ఏందంటే, ఇదే చెల్లె ఊర్లె మహిళా సంఘంల ఎనిమిదేండ్ల నుంచి సభ్యురాలు. ఒక్క కిస్తు తప్పలే. ఊర్లె ఉంటే బ్యాంకు లింకేజీ ఉన్నది, స్త్రీనిధి ఉన్నది. ఊరు దాటిన దినం నుంచి ఆ ఎనిమిదేండ్ల మంచిపేరు ఎందుకూ పనికిరాదు. మీటింగుకు రావాలె, సంతకం పెట్టాలె. పట్నంల మెప్మా సంఘాలు ఉన్నయి గని అక్కడ ఈమె నిన్న మొన్న వచ్చిన కిరాయిదారు, పూచీ ఎవరుంటరు? వలస పోయే సభ్యురాలికి పోయే ముందే సంఘం నుంచి ఒక 10,000 అప్పు ఇచ్చి, కిస్తు ఫోన్ల కట్టించుకుంటే ఏం పోతది? గిరిగిరి ఆయన ఏ కాయితం లేకుండనే నమ్ముతున్నడు గద!

ఇప్పుడు కరెంటు సంగతికి వద్దం. అసలు దోపిడి ఇక్కడే ఉన్నది.

ఆ ఇంట్ల ఆరు రూములు, ఒక్కటే మీటరు. రూముకో సబ్‌మీటరు పెట్టి ఓనరు యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటడు. మావోళ్లు నెలకు 60 యూనిట్లు కాల్చిండ్రు. 600 కట్టిండ్రు. ఇదే 60 యూనిట్లు సొంత మీటరు మీద కాలితే ఎంతైతది? 2022ల పెంచిన టారిఫు ప్రకారం మొదటి 50 యూనిట్లకు 1.95 చొప్పున, మిగిలిన పదికి 3.10 చొప్పున, మొత్తం 128 రూపాయల యాభై పైసలు, పైన కొన్ని చార్జీలు. ఆరు రూములది ఒక్క మీటరు మీదికి వచ్చేసరికి 360 యూనిట్లైతది, పెద్ద బంగ్లా స్లాబు పడతది. పోనీ ఆ లెక్కనే చూసినా యూనిట్ల బిల్లు 2,330. ఓనరు వసూలు చేసేది 3,600. మోటరుకు, ఫిక్స్‌డ్ చార్జీలకు కొంత పోయినా మిగిలేది తక్కువేం కాదు.

ఇంకో మాట. 2024 ఫిబ్రవరి నుంచి రాష్ట్రంల గృహజ్యోతి ఉన్నది. 200 యూనిట్ల లోపల కాల్చి, రేషన్ కార్డు ఉంటే బిల్లు సున్నా. కిరాయిదార్లకు గూడ వర్తిస్తదని సర్కారు చెప్పింది, అబద్ధం కాదు. కానీ పథకం కార్డును మీటరు నంబరుకు ముడేస్తది. ఆరు కార్డులు, ఒక్క మీటరు ఉన్నకాడ ఎవరి కార్డు ముడేస్తరు? 360 యూనిట్లు దాటినంక ఎవరికీ రాదు. అంటే సున్నా కట్టాల్సిన మనిషి 600 కడుతున్నది. "వేరే మీటర్లు పెట్టియ్యరాదా" అని ఓనరును నేనే అడిగిన. "చార్జీలు ఎవరు కడతరు, కాయితాలు ఎవరు తిరుగుతరు" అన్నడు. ఆయనకు అక్కర లేదు, ఆమెకు హక్కు లేదు.

నీళ్లది గూడ అదే కథ. 2021 నుంచి హైదరాబాద్‌ల నెలకు 20,000 లీటర్లు ఉచితం అన్నరు. అది గూడ కనెక్షన్‌కే. మావోళ్లు నీళ్ల పేరు మీద ఓనరుకు 300 కడుతనే ఉన్నరు.

గ్యాసు కనెక్షన్ ఊర్లె అత్త పొయ్యి కాడ ఉన్నది. ముసలామె కట్టెల మీద వండుకోవాల్నా, సిలిండరు ఇంత దూరం మోసుకురావాల్నా? 2025ల హైదరాబాద్‌ల 14.2 కిలోల ఇంటి సిలిండరు 905 రూపాయలు, కిలోకు 64 పడతది. రేషన్ కార్డు ఉన్నోళ్లకు 500 పథకం గూడ ఉన్నది. ఈమె గల్లీల మడిగె కాడ చిన్న సిలిండర్ల కిలో 120కి నింపిచ్చుకుంటున్నది. పిరం సంగతి అటుంచు, అట్ల నింపుడు ప్రాణం మీదికి తెస్తది. కంపెనీలు అమ్మే 5 కిలోల చిన్న సిలిండరు ఒకటి ఉన్నది, అడ్రస్ కాయితం అడగరు, గుర్తింపు కార్డు చాలు. సబ్సిడీ రాదు గని బాంబు పక్కన పండుకున్నట్టు ఉండదు.

మరి పనిచేస్తున్నయి ఏం లేవా? ఉన్నయి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. చెల్లె జగద్గిరిగుట్ట నుంచి ఏ అడ్డాకు పోయినా పైస ఖర్చు లేదు. రేషన్ బియ్యం రాష్ట్రంల ఏ షాపులనైనా వేలిముద్ర పెట్టి తీసుకోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం. బస్సు కండక్టరు చేతిల ఉన్న కార్డు చూస్తడు. డీలరు మిషన్ వేలు చూస్తది. కరెంటోళ్లు, నీళ్లోళ్లు గోడకున్న మీటరు చూస్తరు. సంఘం ఊరి పేరు చూస్తది. మనిషిని చూసి ఇచ్చేది వలసోనికి అందుతున్నది, గోడను చూసి ఇచ్చేది గోడ ఉన్నోనికే పోతున్నది. నా మట్టుకు నేను సర్కారును కొత్త పథకం అడుగుతలేను. బస్సుకు పెట్టిన పద్ధతే కరెంటుకు పెట్టండ్రి, సబ్‌మీటరు మీద ఓనరు ఎంత తీసుకోవాల్నో రేటు కట్టండ్రి అంటున్న.

బియ్యం కాడ ఒక బాధ చెప్పాలె. మొదటి నెల మావోళ్లు 1,500 పెట్టి 30 కిలోల బియ్యం కొన్నరు. కార్డు సంచిలనే ఉన్నది! ఇక్కడ గూడ ఇస్తరని వాళ్లకు ఎవరూ చెప్పలే. తెలిసినంక పోతే బావ వేలు మిషన్ పట్టలే. సిమెంటు పనిచేసే వేలికి గీతలు యాడ మిగుల్తయి? చెల్లె వేలు పట్టింది. అదే ఇంట్ల ఒడిశా కుటుంబం ఒకటి ఉన్నది. వన్ నేషన్ కార్డు కింద వాళ్లకు కేంద్రం కోటానే వస్తది, రాష్ట్రం కలిపేది రాదు.

"2023-24ల పల్లెల మనిషి నెల ఖర్చు సగటున 4,122, పట్నంల 6,996" అని కేంద్రం సర్వే లెక్క. దేశమంతటి లెక్క ఇది. ఈ అంకె చూపి పట్నపోళ్లు బాగ తింటున్నరు, బాగ కొంటున్నరు అని టీవీలల్ల అంటరు. కానీ ఆ సగటుల కరెంటు అమ్ముకునే ఓనరూ ఉన్నడు, కొనుక్కునే చెల్లె గూడ ఉన్నది. ఖర్చు ఎక్కువైనదంటే సుఖం ఎక్కువైనట్టు కాదు.

చట్టం దిక్కు చూస్తే 1979ల వచ్చిన వలస కార్మికుల చట్టం పేరే అంతర్రాష్ట్ర. 2020ల పార్లమెంటు పాస్ చేసిన కోడ్‌ల గూడ వలస కూలీ అంటే రాష్ట్రం దాటినోడే. పాలమూరోడు ముంబై పోతే వలస కూలీ, హైదరాబాద్ వస్తే ఎవడూ కాదు. 2020ల లాక్‌డౌన్ నడకలు చూసినంక వలసోళ్లకు కిరాయి ఇండ్లు కట్టిస్తమని కేంద్రం ఒక పథకం తెచ్చింది. నేను తిరిగే బస్తీలల్ల దాని బోర్డు గూడ నాకు కనపడలే.

ఇగ బ్యాగు సర్దుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు జర చెప్త. వీలైతే అందరూ ఒక్కపారి రాకండ్రి. ముందు ఒకరొచ్చి, తెలిసినోళ్ల రూముల పండుకొని, పదిహేను దినాలు అడ్డా చూసి, పని సంగతి తెలిసినంక ఇంటోళ్లను పిలిపియ్యాలె. రూము చూసేటప్పుడు కిరాయి కన్నా ముందు మీటరు అడగండ్రి. 500 కిరాయి ఎక్కువైనా సొంత మీటరున్న రూమే అగ్గువ పడతది, లెక్క పైన ఉన్నది. అడ్వాన్సు చేతికి ఇయ్యకుండ ఫోన్‌పేల కొట్టి, "రూము అడ్వాన్సు" అని రాయండ్రి, అదే మీ చీటీ. తలుపు, గోడలు మొదటి దినమే వీడియో తీసి ఓనరుకు పంపుండ్రి. రేషన్ కార్డుల అందరి ఈకేవైసీ ఊర్లెనే చేపిచ్చుకొని రావాలె, ఆ నెల బియ్యం ఊర్లె ముసలోళ్లు ఎత్తుకుంటరా మీరు ఎత్తుకుంటరా ముందే మాట్లాడుకోవాలె. జ్వరమొస్తే ప్రైవేటు క్లినిక్‌కు ఉరుకకుండ బస్తీ దవాఖాన ఎక్కడున్నదో అడగండ్రి, అక్కడ డాక్టర్ ఫీజు ఉండదు. బిల్డింగ్ పని 90 దినాలు చేస్తే లేబర్ కార్డుకు అర్హత వస్తది, చేసిన దినాలు, మేస్త్రి ఫోన్ నంబరు ఒక నోటుబుక్కుల రాసుకోండ్రి.

నోటుబుక్కు అంటే యాదికొచ్చింది. ఆ పెద్దబిడ్డ లెక్కలు ఎందుకు అంత శుద్ధంగ రాస్తున్నది? పొద్దంతా ఇంట్లనే ఉంటున్నది గనుక. తల్లిదండ్రులిద్దరూ అడ్డాకు పోతే రెండేండ్ల చెల్లెను ఎవరు చూడాలె? ఊర్లె ఏడో తరగతి చదివే పిల్ల. చెల్లె సంపాదించిన 5,400 వెనుక ఈ పిల్ల బడి ఉన్నది, అది ఏ లెక్కల పడలే.

పోయిన సోమవారం ముగ్గురం కలిసి దగ్గరి సర్కారు బడికి పోయినం. టీసీ లేదు గద అన్నరు. టీసీ ఆలస్యమైందని పిల్లను ఆపొద్దని 2009 విద్యాహక్కు చట్టంల ఉన్నదని నేను చెప్పిన. హెడ్‌మాస్టరు మంచాయనే, కొంచెం ఆలోచన చేసి పేరు రాసుకున్నడు. చిన్నదాన్ని అంగన్‌వాడీల ఉంచుదమని అడిగితే టీచరు పొద్దుమీకి దాకా ఉంచుకోలేమన్నది, మధ్యాహ్నం తీసుకపోవాలె. ఆ మధ్యాహ్నం ఎవరు తీసుకపోవాలె అన్నది ఇంకా తెగలే. ఈ వారం చెల్లె పని మానేసి ఇంట్ల ఉన్నది. గిరిగిరి ఆయన మాత్రం రోజూ వస్తనే ఉన్నడు.