బాణపు గుర్తు లేని లోకం

వీడియో ఆట అనగానే పెద్దల నొసలు ముడివడుతుంది. అది కాలహరణమనీ, కంటికి చేటనీ, చదువుకు శత్రువనీ వారు చెప్పే మాటలలో సత్యం లేకపోలేదు. రాత్రంతా సెల్‌ఫోనులో తుపాకులు పేల్చి, ఉదయం తరగతిలో కునికే విద్యార్థిని చూచిన అధ్యాపకుడెవడూ ఆ మాటలను కాదనలేడు. అయితే పుస్తకాలన్నీ ఒక్క తీరుగా లేనట్లే ఆటలన్నీ ఒక్క తీరుగా లేవు. కొన్ని మనిషి బుద్ధిని జోకొడతాయి, కొన్ని తట్టిలేపుతాయి. ఈ రెండవ కోవకు చెందిన ఒక పాత ఆటను గురించి, అది మన చదువులకు చెప్పగల పాఠాన్ని గురించి ఈ వ్యాసంలో విన్నవించదలచాను.

ఆ ఆట పేరు 'మారోవిండ్'. అమెరికాకు చెందిన బెతెస్డా సంస్థ 2002లో విడుదల చేసిన ఈ ఆట 'ఎల్డర్ స్క్రోల్స్' అనే వరుసలో మూడవది. వార్డెన్‌ఫెల్ అనే కల్పిత ద్వీపం ఇందులోని రంగస్థలం. నడుమ అగ్నిపర్వతం, దాని చుట్టూ బూడిద నేలలు, ఆవల చిత్తడి తీరాలు, చెట్లంత ఎత్తు పెరిగిన పుట్టగొడుగులు. ఆటగాడు ఖైదీగా ఓడ దిగి, ఒక చిన్న రేవు ఊరిలో విడుదల పొందుతాడు. ఫలానా ఊరిలో ఫలానా మనిషికి ఈ కాగితాలు అందజేయుమనే ఆదేశమొక్కటే అతనికి ఆధారం. ఆ తరువాత ఎటు పోయినా అడ్డు చెప్పేవారు లేరు. ఎలాగో ఆ మనిషిని చేరుకొంటే అతడు ఘనకార్యమేదీ వెంటనే అప్పగించడు. అనుభవం చాలదనీ, ఏదైనా పనిలో కుదురుకొని నాలుగూళ్లు తిరిగి రమ్మనీ పంపివేస్తాడు. పట్టా చేతబట్టుకొని తొలి ఉద్యోగానికి వెళ్లిన మన పట్టభద్రులకు ఈ సమాధానం కొత్త కాదు.

ఎం.ఎ. చదివే రోజులలో వసతిగృహంలోని ఒక పాత కంప్యూటరు మీద నేనీ ఆట ఆడాను. నన్ను ఆకర్షించినది అందులోని యుద్ధాలు కావు, దారి వెదుకుట. గమ్యం ఎక్కడున్నదో తెర మీద ఏ గుర్తూ చూపదు. వంతెన దాటి, ఏటి వెంట పోయి, కొండ మలుపున కాలిబాట పట్టుమని ఎవరో నోటిమాటగా చెబుతారు. విన్నది దినచర్య పుస్తకంలో నమోదవుతుంది. దానిని తిరిగి చదువుకొని, కొండనూ ఏటినీ కళ్లారా చూచి పోల్చుకొని నడవాలి. చెప్పినవాడు ఒక్కొక్కసారి తప్పు కూడా చెబుతాడు. ప్రయాణానికి ఏనుగును మించిన ఒక కీటకం ఉన్నది. కాని మన పల్లె బస్సుల వలె అది కొన్ని ఊళ్లకే పోతుంది. ఒకచోట దిగి మరొకటి ఎక్కాలి, ఆపైన నడక తప్పదు.

ఈ ప్రాంతపు బిడ్డలకు ఇది పరాయి అనుభవం కాదు. మిర్యాలగూడ, కోదాడల నుండి జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు తొలిసారి బయలుదేరిన యాత్రికుడు, ఫణిగిరి కొండ మీది బౌద్ధ శిథిలాలను చూడగోరి సూర్యాపేటలో బస్సు దిగిన బాటసారి నిన్నమొన్నటి దాకా దారి అడిగే పోయేవారు. చెరువు కట్ట, మర్రిచెట్టు, మసీదు మినారు, గుడి గాలిగోపురం, ఇవే వారికి గుర్తులు. దారి అడిగినవాడికి దారితో పాటు నాలుగు కబుర్లు, ఒక లోటా మంచినీళ్లు కూడా దొరికేవి. నేడు చేతిలోని ఫోను కుడికి తిరుగుమంటే తిరుగుతున్నాము. గమ్యం చేరుతున్నాము గాని, నడుమ ఏ ఊరు వచ్చినదో ఎరుగము.

ఆటల లోకంలోనూ ఇదే జరిగింది. ఆ వరుసలోనే 2006లో వచ్చిన 'ఒబ్లివియన్'లో తెర మీద దిక్సూచి అమరింది. గమ్యాన్ని చూపే గుర్తు అందులో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. ఒకసారి చూచిన చోటికి రెప్పపాటులో చేరుకొనే సదుపాయమూ వచ్చింది. 2011 నాటి 'స్కైరిమ్' ఆ బాటనే సాగి, కోట్ల ప్రతులు అమ్ముడైంది. సౌకర్యాన్ని నేను నిందించను. పాత ఆటలో లోపాలు లేవనీ అనను. నడక మరీ మందం. కత్తి శత్రువుకు తగిలినట్లు కంటికి కనబడుతున్నా, నైపుణ్యం చాలదని తగలనట్లే లెక్కవేసే పద్ధతి చికాకు పుట్టిస్తుంది. అయినా 'అభ్యాసం కూసువిద్య' అన్నట్లు, చేసిన పనిలోనే నేర్పు పెరగడం ఆ ఆటలోని ధర్మం. పరుగెత్తినవాడికి పరుగు, బేరమాడినవాడికి బేరం వస్తాయి.

అంతకంటె గొప్ప విశేషం ఒకటున్నది. ఆ ద్వీపంలో చదువదగిన పుస్తకాలు వందలాదిగా ఉన్నాయి. పూర్వం ఎర్రకొండ దగ్గర జరిగిన యుద్ధంలో ఒక వీరుడు ఎట్లా మరణించాడన్న విషయాన్ని దేవాలయాధికారులు ఒక విధంగా చెబుతారు, వారిని ధిక్కరించిన అర్చకులు ఒక విధంగా, బీడు భూములలో తిరిగే సంచార జాతులు మరొక విధంగా చెబుతారు. ఏది నిజమో ఆట తేల్చి చెప్పదు. అన్నీ విని, చదివి, ఆటగాడే తూచుకోవాలి. మన జిల్లాలో 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటాన్ని, 1948 సెప్టెంబరు నాటి సంఘటనలను ఒక్కొక్క ఇంట ఒక్కొక్క తీరుగా చెప్పగా విన్నవారికి ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ఒక్క ఇంటి మాటనే విని తీర్పు చెప్పే యువకుడు ఎంత ప్రమాదకారియో వేరుగా చెప్పనక్కరలేదు. సత్యానికి బాణపు గుర్తు ఉండదు.

ఇదంతా పాశ్చాత్యుల సొత్తు అనుకోనక్కరలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన 'కాశీ మజిలీ కథలు'లో గోపుడు ప్రతి మజిలీలోనూ కనబడిన వింతను గురించి ప్రశ్నిస్తాడు, మణిసిద్ధుడు కథ చెబుతాడు. ప్రశ్న లేనిదే కథ లేదు. 19వ శతాబ్ది చివరి పాదంలో లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం అచ్చువేసిన ఉర్దూ దాస్తాన్ 'తిలిస్మె హోష్‌రుబా' ఒక మాయాలోకం. అటువంటి తిలిస్మును ఛేదించవలసిన వీరుడికి 'లౌహ్' అనే ఫలకం ఆధారం. దానిని శ్రద్ధగా చదివి అడుగు వేస్తేనే విముక్తి, చదువక వేస్తే బంధనం. మన రెండు భాషల పూర్వులూ చెప్పినది ఒక్కటే: అడుగు, చదువు, ఆ తరువాత నడువు.

ఇక మన తరగతి గదికి వద్దాము. పరీక్షల బజారులో అమ్మే గైడు బాణపు గుర్తు కాక మరేమిటి? 'ముఖ్యమైన ప్రశ్నలు' అన్న చీటీ చేతికి వస్తే మూల గ్రంథం ముఖమైనా చూడని విద్యార్థులు ప్రతి కళాశాలలోనూ ఉన్నారు. వారు ఉత్తీర్ణులవుతారు. కాని ఉద్యోగపు ఇంటర్వ్యూలో గైడులో లేని ప్రశ్న ఒక్కటి ఎదురైతే దిక్కు తోచక నిలబడిపోతారు. తల్లిదండ్రులు మిల్లులలో, మెకానిక్కు షాపులలో, తోపుడు బండ్ల మీద చెమటోడ్చి పంపిన బిడ్డలు ఆ విధంగా తిరిగి రావడం అధ్యాపకుడికి కడుపుకోత.

కనుక కళాశాల పాలకవర్గం వారికి రెండు మనవులు. గ్రంథాలయంలో బీరువాల తాళాలు తీయించి, విద్యార్థులను పుస్తకాల నడుమ స్వేచ్ఛగా తిరుగనివ్వండి. కావలసిన పుస్తకాన్ని వెదుకుతూ పోయినవాడికి అనుకోని పుస్తకం దొరకడమే చదువులోని భాగ్యం. రెండవది, ప్రతి విద్యార్థి ఏటా ఒకసారి తన ఊరి చరిత్రను నలుగురు పెద్దలను అడిగి, వారి మాటలలోని తేడాలతో సహా, ఉర్దూలో గాని తెలుగులో గాని వ్రాసే నియమం పెట్టండి. దానికి గైడు అచ్చువేయడం ఎవరి తరమూ కాదు.

విద్యార్థి మిత్రులారా! ఆటలు ఆడవద్దని నేననను. ఆడితే మిమ్ము ఆలోచింపజేసే ఆట ఆడండి, చదివితే ప్రశ్నలు పుట్టించే పుస్తకం చదవండి. దారి తప్పుతామని భయపడకండి. తప్పినప్పుడు అడగడానికి సిగ్గుపడకండి. అడిగినవాడికే ఊరూ తెలుస్తుంది, ఊరివారూ తెలుస్తారు.